హెలికాప్టర్ దిగాక

సైన్యంలో ఆమెను అందరూ తూనీగ అనేవాళ్లు. ఆ పేరు ముందు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు కానీ, ఆమెకు అతికినట్టు సరిపోయింది. తూనీగ ఎగురుతూ ఎగురుతూ గాలిలో ఒకచోట ఆగిపోతుంది చూడండి, ఆమె తన హెలికాప్టర్‌ను అలా ఆపేది. కింద వరద సుడులు తిరుగుతున్నా, పక్కన కొండ చరియ చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా ఉన్నా ఆ యంత్రం మేకు కొట్టినట్టు నిలబడేది. తాడు పట్టుకుని కిందికి దిగి మనుషుల్ని పైకి తెచ్చే జవాను ఒకడు, "తూనీగ మేడమ్ నడుపుతుంటే తాడు మీద ఉన్నట్టుండదు, నిచ్చెన మీద ఉన్నట్టుంటుంది" అనేవాడు. మునిగిన ఇళ్ల కప్పుల మీంచీ, మంచులో చిక్కుకున్న శిబిరాల నుంచీ, కాలుతున్న ఓడ మీంచీ ఆమె మనుషుల్ని మోసుకొచ్చింది. వాళ్లలో చాలామంది ముఖాలు ఆమె చూడనే లేదు. ఎక్కించుకోవడం, దించడం, మళ్లీ వెళ్లడం. అంతే.

ఇలా సాగుతుండగా ఒకరోజు పై అధికారి పిలిపించి పదోన్నతి కబురు చెప్పారు.

"అభినందనలు. మిమ్మల్ని పైకి పంపుతున్నాం."

"పైకి అంటే ఎంత పైకి సార్?"

"ప్రధాన కార్యాలయం. నాలుగో అంతస్తు. పెద్ద గది, కిటికీ కూడా ఉంది." చెబుతూనే ఆయనకు నవ్వు వచ్చింది. ఆయన కూడా ఒకప్పుడు ఎగిరిన మనిషే.

"నేనెప్పుడూ అంత కింద పనిచెయ్యలేదు సార్," అంది తూనీగ.

ఆయన నవ్వడం ఆపి, బల్ల మీద కాగితాలకు పెట్టే గాజు బరువును అటూ ఇటూ జరిపారు. "నాకు ఈ గది ఇచ్చిన రోజు నేనూ ఇలాంటిదే ఏదో అనాలనుకున్నాను. అనలేదు. మీరు సైన్యం వదిలి వెళ్లదలచుకుంటే ఇదే సమయం. ఇంకో మూడేళ్లు పోతే ఏ విమాన కంపెనీ తీసుకోదు."

ఆమె ఆ సాయంత్రం యూనిఫాంలోనే నేరుగా మొగుడి దుకాణానికి వెళ్లింది. ఆయనది కళ్లజోళ్ల దుకాణం. ముందు గదిలో గోడ నిండా ఫ్రేములు, వెనక గదిలో అద్దాలు అరగదీసే యంత్రం. ఆయన ఎవరిదో మందపాటి అద్దాన్ని లైటుకు ఎదురుగా పట్టుకుని చూస్తున్నాడు. ఆమె సంగతంతా చెప్పింది. ఆయన అద్దం కింద పెట్టి, ఆమెను భుజాలు పట్టుకుని గోడకున్న అక్షరాల పట్టికకు ఎదురుగా నిలబెట్టాడు.

"అట్టడుగు వరుస చదువు."

ఆమె గడగడా చదివేసింది. ఎడమ కన్ను మూసి ఒకసారి, కుడి కన్ను మూసి ఒకసారి.

"కళ్లు బాగానే ఉన్నాయి. ఇంకేం, ఎగురు," అని ఆయన మళ్లీ అద్దం చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఇంట్లో పెద్ద నిర్ణయాలు జరిగే పద్ధతే అంత.

అసలు పరీక్ష ఇంట్లో ఉంది. అత్తగారు. ఆవిడ ముప్పై ఏళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసి దిగిన మనిషి. నోట్లో నాలుక లేని వాళ్లంటే ఆవిడకు గిట్టదు. కోడలు చెప్పిందంతా కూరగాయలు తరుగుతూనే విని, కత్తి ఆపకుండా అడిగింది.

"గాల్లో నిలబడే ఉద్యోగం మానేసి ఏం నడుపుతావు?"

"పెద్ద విమానాలు అత్తయ్యా. ప్రయాణికుల విమానాలు."

"టికెట్టు కొనుక్కుని జనం ఎక్కుతారు. నువ్వు ఒక ఊళ్లో ఎక్కించి ఇంకో ఊళ్లో దించుతావు. టైముకి పోవాలి, టైముకి రావాలి. అంతేనా?"

"అంతే."

"అంటే బస్సే."

"బస్సే. రెక్కలుంటాయి."

ఆవిడ అప్పుడు కత్తి పక్కన పెట్టింది. "ఇన్నాళ్లకి మా శాఖలోకి వచ్చావన్నమాట," అంది, తృప్తిగా.

అనుకున్నంత తేలిక కాలేదు. హెలికాప్టర్‌లో ఎన్ని వేల గంటలు ఎగిరినా విమానాల లెక్కలో అవి దాదాపు చెల్లని కాసులే. కొత్త లైసెన్సు కావాలి, కొత్త పరీక్షలు రాయాలి. శిక్షణ పాఠశాలలో తరగతి నిండా మీసాలు కూడా సరిగా రాని కుర్రాళ్లూ, జడలకు రంగులు వేసుకున్న అమ్మాయిలూ. మొదటి రోజు ఆమె గదిలోకి అడుగు పెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు, పాఠం చెప్పే మేడమ్ వచ్చిందనుకుని. ఆమె వెళ్లి మూడో వరుసలో కూర్చుంది. పక్కనున్న పిల్ల కాసేపు తటపటాయించి, "ఆంటీ, మీరు కూడానా?" అంది. "నేను కూడానే. నీ దగ్గర ఇంకో పెన్ను ఉందా?" అంది తూనీగ. నెల తిరిగేసరికి ఆ పిల్లలంతా పరీక్షల ముందు ఆమె చుట్టూ మూగేవాళ్లు. మేఘాల గురించి పుస్తకంలో పేజీలకు పేజీలు ఉంటే, ఆమె ఏ మేఘం లోపల ఎలా కుదిపిందో చెప్పేది. అది వాళ్ల బుర్రలోకి చక్కగా ఎక్కేది. లెక్కలు మాత్రం ఆమే ఆ పిల్లల దగ్గర నేర్చుకుంది. ఇందులో ఆమె నామోషీ పడలేదు.

చేతులతోనే చిక్కొచ్చింది. హెలికాప్టర్ దిగేటప్పుడు వేగం తగ్గించి, తగ్గించి, చివరికి గాలిలో ఆగి, అప్పుడు నెమ్మదిగా నేల మీద కూర్చోవాలి. ఆమె చేతులకు అది కొట్టిన పిండి. చిన్న శిక్షణ విమానంలో మొదటిసారి దిగుతున్నప్పుడు ఆ చేతులు వాటంతట అవే వేగాన్ని చంపేయబోయాయి. పక్కనున్న శిక్షకుడు, ఆమెకంటే పదేళ్లు చిన్నవాడు, చప్పున అందుకుని వేగం పెంచాడు.

"మేడమ్, ఇది ఆగదు. ఆగిందంటే రాయి."

"తెలుసు. నాకు తెలుసు, వీటికే ఇంకా తెలీలేదు," అంది ఆమె చేతులు చూపించి. 

అవి నేర్చుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. అలవాటు మానడమంటే కొత్తగా నేర్చుకోవడం కన్నా మొండి పని అని ఆమెకు తెలిసొచ్చింది. అయినా నేర్చుకుంది. లైసెన్సు చేతికొచ్చింది. మొదటి కంపెనీ ఇంటర్వ్యూలో, "మీ అనుభవమంతా హెలికాప్టర్‌దే కదా" అని పెదవి విరిచారు. ఆమె బయటికొచ్చి కడుపునిండా భోంచేసి రెండో కంపెనీకి దరఖాస్తు పెట్టింది. వాళ్లు తీసుకున్నారు.

ఇక పెద్ద విమానం. దాన్ని ముందు నేల మీదే నేర్పుతారు. అచ్చం విమానం ముక్కు లోపలిలాగే ఉండే గది. కాళ్ల మీద నిలబడి అటూ ఇటూ ఊగుతుంది. కిటికీల్లో ఆకాశం, రన్‌వే, వాన, అన్నీ బొమ్మలే. అక్కడ శిక్షకుణ్ణి అందరూ పెద్దాయన అనేవాళ్లు. జీవితమంతా ప్రయాణికుల విమానాలు నడిపి రిటైరైన మనిషి. గొంతు పెంచడం ఆయనకు చేతకాదు.

చివరి పరీక్షలో ఆమెను కెప్టెన్ స్థానంలో ఉంచి నిర్ణయాలన్నీ ఆమెకే వదిలారు. ఆయన ఊరి మీదికి గాలివాన తెచ్చిపెట్టాడు. పక్కవాటుగా గాలి. ఒక్కసారి కిందికి తోస్తుంది, మరుక్షణం పైకి ఎత్తుతుంది. కిటికీలో రన్‌వే కనిపించీ కనిపించనట్టుంది. తూనీగ పళ్లు బిగించింది. ఇలాంటివి ఆమె నిజంగానే ఎన్ని చూడలేదు గనక. గాలి ఎటు తోస్తే అటు ఒరుగుతూ, విమానాన్ని పట్టి లాక్కొచ్చి, గీత గీసినట్టు రన్‌వే మధ్యలో దించింది. పక్క కుర్చీలోని సహ పైలట్ ఊపిరి వదిలాడు.

పెద్దాయన దీపాలు వేశాడు.

"బ్రహ్మాండంగా దించారు. నేనయితే దించలేకపోయేవాణ్ణి."

"థాంక్యూ సార్."

"ఫెయిల్."

ఆమె తను సరిగా వినలేదేమో అనుకుంది.

"ఎందుకు దించారు?" అని అడిగాడు ఆయన.

"ఎందుకేమిటి సార్? దించగలను కాబట్టి."

"ఇంధనం ఎంత ఉంది?"

"ఇంకో ఊరికి వెళ్లి, అక్కడా కాసేపు తిరిగేంత."

"ఆ ఊళ్లో వాతావరణం?"

"బాగుంది."

పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అమ్మా, మీరు ఇన్నాళ్లూ వెళ్లింది ఆపదలో ఉన్నవాళ్ల కోసం. మీరు వెళ్లకపోతే వాళ్లు పోతారు. కాబట్టి ఎంత గాలైనా వెళ్లారు. అది గొప్ప పని, నేను దణ్ణం పెడతాను. కానీ ఈ విమానంలో వెనక కూర్చున్న వాళ్లకి ఏ ఆపదా లేదు. కాళ్లు చాపుకుని పత్రిక చదువుకుంటున్నారు. మీరు దిగబోతేనే వాళ్లకి ఆపద."

ఆమె బెల్టు విప్పి లేచింది. బయటికొచ్చి నడవాలో మంచినీళ్ల కుండ పక్కన గోడకానుకుని నిలబడింది. ఒళ్లు మండిపోతోంది. ఫెయిల్ అన్న మాట ఆమె జీవితంలో అదే మొదటిసారి వినడం. వెనక్కి తిరగడమంటే ఆమెకు గుర్తున్నది ఒకటే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కొండ ఊరి నుంచి మంచు వల్ల వెనక్కి తిరగాల్సి వచ్చింది. మర్నాడు వెళ్లేసరికి అక్కడ ఎదురుచూసిన ఇద్దరిలో ఒకరే ఉన్నారు. ఆ తర్వాత ఆమె మళ్లీ ఎప్పుడూ వెనక్కి తిరగలేదు. ఆ సంగతి మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఈ పెద్దమనిషి తిరగడం నేర్చుకోమంటున్నాడు.

రెండు గ్లాసుల నీళ్లు తాగింది. కోపం కాస్త దిగాక ఆయన మాటను తిప్పి తిప్పి చూసుకుంది. ఎటు తిప్పినా నిజంగానే కనిపించింది. కొండ మీద ఎదురుచూసిన మనిషి వేరు, కాళ్లు చాపుకుని పత్రిక చదువుకునే మనిషి వేరు. ధైర్యం ఇద్దరికోసమూ కావాలి. అది ఒకే రకం ధైర్యం కాదు. ఆమె లోపలికి వెళ్లి, "సార్, మళ్లీ ఎప్పుడు?" అంది.

"రేపు."

మర్నాడు ఆయన ఇంకా ఘోరమైన వాన తెచ్చాడు. ఆమె రన్‌వే వైపు చూడనైనా చూడకుండా, "పక్క ఊరికి పోదాం" అంది. పెద్దాయన దీపాలు వేసి, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల," అని సంతకం చేశాడు.

అలా ఆమె మెడలో కొత్త టై వచ్చింది, భుజాల మీద పట్టీలు తగ్గాయి. హెలికాప్టర్‌లో పెద్ద పైలట్ కూర్చునేది కుడివైపు. పెద్ద విమానంలో కుడివైపు కూర్చునేవాడు చిన్న పైలట్. ఓడలు బండ్లవడమంటే ఇదే కాబోలు అని తూనీగ మొదటి రోజు నవ్వుకుంది. ఎడమవైపు కూర్చునే కెప్టెన్లలో కొందరు ఆమెకంటే చిన్నవాళ్లు. వాళ్లలో ఒక కుర్ర కెప్టెన్‌కు ఆమె పక్కన ఉంటే కొంచెం బెరుకు. "మేడమ్, కాస్త ఆ స్విచ్ వేస్తారా, ఏమనుకోకండి," అనేవాడు.

"ఏమనుకోను కెప్టెన్. మీరు వెయ్యమంటే వేస్తాను, తప్పనిపిస్తే వెయ్యనని చెబుతాను. రెండూ నా పనే," అంది ఆమె. ఆ తర్వాత ఇద్దరికీ బాగా కుదిరింది.

ఇలా ఉండగా అత్తగారు తన చెల్లెలికి మోకాలి ఆపరేషన్ అయిందని చూడ్డానికి బయల్దేరింది. చెల్లెలుండే ఊరికి వెళ్లే విమానం ఆ రోజు కోడలిదే అయింది. విమానం ఎక్కుతూ ఆవిడ ముందున్న తలుపు వైపు ఒక్క చూపు చూసి, ఎవరో తెలియనట్టు వెళ్లి మధ్య వరుసలో కూర్చుంది. కోడలి ఉద్యోగంలో తలదూర్చకూడదని ఆవిడ నియమం.

మధ్యాహ్నం వేళ. ఆ ఊరి దగ్గరికి వచ్చేసరికి దూరాన నల్లటి మబ్బు ఒకటి పెరుగుతోంది. ఇంకా దూరంలోనే ఉందని, గాలి పరవాలేదని కింది నుంచి చెప్పారు. కుర్ర కెప్టెన్ నడుపుతున్నాడు, చక్కగానే దిగుతున్నాడు. అతని కళ్లు ముందున్న గడియారాల మీదా, రన్‌వే మీదా ఉన్నాయి. తూనీగ కళ్లు పాత అలవాటు కొద్దీ నేల మీద తిరుగుతున్నాయి. చెట్లు, పొగలు, చెరువు నీళ్లు. హెలికాప్టర్ పైలట్‌కు గాలి కబురు వాటి దగ్గరే దొరుకుతుంది. రన్‌వేకి ఇవతల ఫ్యాక్టరీ పొగ ఎడమకు వాలి ఉంది. రన్‌వే అవతల దుమ్ము గోడలా లేచి, కుడికి దొర్లుకుంటూ వస్తోంది. అంటే ఒకే రన్‌వే మీద రెండు గాలులు ఎదురెదురుగా వీస్తున్నాయి.

"గో అరౌండ్," అంది ఆమె. దిగొద్దు, పైకి పోదాం అని దాని అర్థం. ఆ మాట ఏ కుర్చీలోంచి వచ్చినా ఎదురు ప్రశ్న లేకుండా చెయ్యాలన్నది నియమం.

ఇంజన్ల పిడి మీదున్న కెప్టెన్ చెయ్యి అప్పుడే ముందుకు వెళ్లింది. ఇంజన్లు గట్టిగా అరిచాయి, విమానం ముక్కెత్తి పైకి లేచింది. అంతలోనే వేగం చూపే ముల్లు ఒక్క కుదుపుతో కిందికి జారి మళ్లీ పైకి వచ్చింది. ఇంకాస్త కిందున్నప్పుడు అది జరిగి ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. ఆ ఆలోచన పక్కన పెట్టి పని చూసుకున్నారు.

స్థిరపడ్డాక కెప్టెన్, "ఇంకోసారి చూద్దామా? మీరేమంటారు?" అన్నాడు.

తూనీగ కళ్ల ముందు రన్‌వే కనిపిస్తూనే ఉంది. తనకు ఇచ్చి ఉంటే దించగలదని ఆమెకు తెలుసు. "దించగలం. కానీ పనేముంది? ఇంధనం ఉంది. పక్క ఊరికి పోయి, మబ్బు పోయాక వద్దాం."

"నేనూ అదే అనుకుంటున్నాను. మీరు జనానికి చెప్పండి, నేను నడుపుతాను."

హెలికాప్టర్‌లో ఆమె ఎప్పుడూ వెనకవాళ్లకు ప్రసంగాలు ఇవ్వలేదు. మైకు తీసుకుని జరిగింది జరిగినట్టు చెప్పింది. గాలివాన ముందుగా వచ్చిందని, దిగడం క్షేమం కాదనిపించి పైకి లేచామని, పక్క ఊళ్లో ఆగి, వాన వెలిశాక వెనక్కి వస్తామని.

పక్క ఊళ్లో ఎండ కాస్తోంది. అదే కొంప ముంచింది. కిటికీల్లోంచి ఎండ చూసిన జనానికి వాన మాట నమ్మబుద్ధి కాలేదు. ఇంధనం నింపుతుండగా లోపల గుసగుసలు గోలగా మారాయి. పెళ్లిచూపులున్నాయని ఒకరు, కోర్టు వాయిదా అని ఒకరు. ముందు వరుసలో ఒకాయన, "ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు" అని అందరికీ వినపడేలా అన్నాడు. కెప్టెన్ ఫోనులో వాతావరణం కనుక్కుంటున్నాడు. తూనీగ తలుపు తీసుకుని బయటికొచ్చి నడవాలో నిలబడింది. తలా ఒకటి అడుగుతున్నారు. ఎవరికి జవాబు చెప్పినా ఇంకొకరికి వినపడటం లేదు.

అప్పుడు మధ్య వరుసలోంచి బస్సంతా ఖంగుమనే గొంతొకటి లేచింది.

"అందరూ ఒక్కసారి ఆగండి. నేనడుగుతాను. ఏమమ్మా పైలటమ్మా, ఆ ఊళ్లో మిగతా విమానాలు దిగుతున్నాయా లేదా? సూటిగా చెప్పు."

తూనీగకు నవ్వొచ్చింది కానీ పెదవి దాటనివ్వలేదు. "మా ముందు ఒకటి దిగిందండీ. మా తర్వాత ఒక్కటీ దిగలేదు. నాలుగు విమానాలు వెనక్కి మళ్లాయి. అందులో ఒకటి అదిగో, మన పక్కనే ఆగి ఉంది."

తలలన్నీ ఒక్కసారిగా కిటికీల వైపు తిరిగాయి. నిజమే, పక్కన ఇంకో విమానం నిలబడి ఉంది.

"నువ్వు గట్టిగా ప్రయత్నిస్తే దిగేదానివా?"

"దిగేదాన్నేమోనండీ. దిగుతామేమో అన్న మాట మీద మిమ్మల్నందరినీ దించలేను."

"సరే, కూర్చుందాం," అని ఆ ముసలావిడ సీటు బెల్టు సర్దుకుంది. "బతికుంటే బలుసాకు తినొచ్చు."

ముందు వరుసాయన సామెతకు ఇంకో సామెత అడ్డం పడేసరికి ఆయన పత్రిక విప్పుకున్నాడు. ఎవరో పకపకా నవ్వారు. గోల సద్దుమణిగింది. వాన వెలిసిందని కబురు వచ్చాక విమానం వెనక్కి వచ్చి తడి రన్‌వే మీద దిగింది. ఈసారి నడిపింది తూనీగ. విమానం మెట్లు దిగుతూ కుర్ర కెప్టెన్ ఆమె చెయ్యి పట్టుకుని ఊపి, "ఆ దుమ్ము నేను చూడలేదు. ఇకమీదట చూస్తాను," అన్నాడు.

కోడలి డ్యూటీ ఆ రోజుకు అయిపోయింది కాబట్టి, చెల్లెలి ఇంటికి వెళ్లే టాక్సీలో అత్తాకోడళ్లు పక్కపక్కన కూర్చున్నారు. కోడలు టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"కావాలనే అడిగారా అత్తయ్యా?"

"మరి? బస్సులో గోల మొదలైతే పదిమందికి పది జవాబులు చెప్పకూడదు. ఒకరు గట్టిగా అడగాలి, అందరూ వినాలి. అడిగేవాళ్లు దొరక్కపోతే డ్రైవరు చేత అడిగించేదాన్ని."

"పైలటమ్మా ఏమిటి మధ్యలో?"

"పేరు పెట్టి పిలిస్తే చుట్టరికం తెలిసిపోదూ?" అని ఆవిడ సంచిలోంచి నీళ్ల సీసా తీసి కోడలికిచ్చింది. "పైకి లేచినప్పుడు మాత్రం నా ప్రాణం గొంతులోకి వచ్చింది. నీ గొంతు మైకులో వినపడ్డాక వెనక్కి పోయింది. అప్పుడు నీ గొంతు కంగారుగా లేదు."

"కంగారు లేదు అత్తయ్యా."

"నిజంగానా?"

"నిజంగానే."

చెల్లెలి ఇంట్లో మోకాలికి కట్టుతో మంచం మీదున్న ఆవిడ, ఇంత ఆలస్యమేమిటని నిష్ఠూరమాడింది. "మా కోడలు ఆలస్యం చేసింది," అంది అత్తగారు, బహుమతి వచ్చినట్టు.

తూనీగ ఇప్పుడు కెప్టెన్. ఆ పరీక్షకు కూర్చున్న రోజు మొగుడు దుకాణంలో పట్టిక చదివించాడు, ఆమె మళ్లీ అట్టడుగు వరుస దాకా చదివింది. సైన్యం వదిలి వచ్చే హెలికాప్టర్ వాళ్లు కొందరు ఆమె నంబరు సంపాదించి ఫోను చేస్తుంటారు. దించడం మీకు ఎలాగూ వచ్చు, దించకపోవడం వచ్చి నేర్చుకోండి అని చెబుతుంది. గాలివాన రోజుల్లో ఆమె ఇంకా నేలవైపే చూస్తుంది. తిరిగి వెళ్లాల్సి వస్తే వెళుతుంది. దిగగలిగిన రోజు పూలు పెట్టినట్టు దించుతుంది.

అత్తగారు ఏడాదికి రెండుసార్లయినా ఆమె విమానం ఎక్కుతుంది. ముందు వరుసలో సీటు ఇప్పిస్తానన్నా ఒప్పుకోదు. మధ్యలో కూర్చుంటేనే జనం ఏమనుకుంటున్నారో వినపడుతుందట. ఇల్లు చేరాక అన్నీ చెబుతుంది. పోయినసారి మాత్రం ఒకటే చెప్పింది. పక్క సీటాయన బయల్దేరినప్పటి నుంచి దిగేదాకా నిద్రపోయాడట, దిగింది కూడా ఆయనకు తెలియలేదట.